సముద్రం కనిపించే ఇల్లు

విశాఖపట్నంలో ఇళ్ల బ్రోకర్లకు ఒక సాహిత్య సిద్ధాంతం వున్నది. సముద్రం కనిపించే ఇంటికి ఒక అద్దె, కనిపించని ఇంటికి మరొక అద్దె. ఒకే మేడలో ఒకే వైశాల్యం గల రెండు ఫ్లాట్లలో తూర్పు కిటికీ వున్నదానికి పడమటిదాని కన్న ఎక్కువ ఇచ్చుకోవాలి. ఆ ఎక్కువ దేనికి? సముద్రం నుంచి మనకు వచ్చేదేమీ లేదు. అందులో మనం దిగం. అది అక్కడ పడివుంటే చాలు, మనం చూస్తూ వుంటాం. చూపుకు కట్టే అద్దె అది. నాలుగేళ్ల క్రితం సాగర్‌నగర్‌లో నేనొక మూడో అంతస్తు ఫ్లాటు అద్దెకు తీసుకున్నప్పుడు ఈ లెక్క నాకేమీ వింతగా తోచలేదు. తెలుగు సాహిత్యంలో ఎమ్మే చేసినవాణ్ణి; పదేళ్లుగా కాలేజీలో అదే పాఠం చెబుతున్నవాణ్ణి. సముద్రమంటే చూసి వర్ణించవలసిన వస్తువని నాకు బ్రోకరు చెప్పనక్కర్లేదు. దండి ఎప్పుడో చెప్పాడు. మహాకావ్యంలో వుండి తీరవలసిన వర్ణనల జాబితాలో ఆయన మొట్టమొదట నగరాన్ని పెట్టి, వెంటనే సముద్రాన్ని పెట్టాడు. నా ఫ్లాటులో రెండూ వున్నాయి. పడమటి వంటింట్లోంచి నగరం, తూర్పు బాల్కనీలోంచి సముద్రం.

ఈ వ్యాసం నా ఫ్లాటు గురించి కాదు. కాని విమర్శకుడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడో చెప్పకుండా ఏం చూశాడో చెప్పడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు వల్ల నేనొక తప్పు చేశాను. అది చెప్పాలంటే ఫ్లాటుతోనే మొదలుపెట్టక తప్పదు.

విశాఖ నుంచి భీమిలికి పోయే 900కె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నవారికి ఒక విషయం కనబడుతుంది. ఈ తీరం పొడుగునా ఊళ్లు జంటలు జంటలుగా వున్నాయి. లాసన్స్ బే కాలనీ వున్నది, దాని పక్కన పెదజాలరిపేట వున్నది. సాగర్‌నగర్ వున్నది, దాని పక్కన జోడుగుళ్లపాలెం వున్నది. రుషికొండ దాటితే మంగమారిపేట. కాలనీ పేరు నగరాభివృద్ధి కాగితాలలోంచి వచ్చింది. పేటా పాలెమూ కాగితాలు లేని రోజుల నుంచీ వున్నాయి. ఊరు పెరుగుతూ వచ్చి 2005లో గ్రేటర్ కార్పొరేషన్ అయింది. 1861 నుంచీ మునిసిపాలిటీగా వున్న భీమునిపట్నాన్ని 2013లో తనలో కలుపుకున్నది. ఈ మధ్యలో వున్న పాలేలన్నీ శివార్లయినాయి. నిజానికి శివారుకు వచ్చింది మనం. వాళ్లు వున్నచోటనే వున్నారు.

నేను కాపురం పెట్టిన మొదటి వేసవిలో మా కాలనీవాళ్లు ఒక అర్జీ తయారుచేశారు. పాలెం ఆడవాళ్లు రోడ్డువార నెత్తళ్లూ కవ్వళ్లూ ఎండబెడుతున్నారు, వాసన భరించరానిదిగా వున్నది, సందర్శకులు వచ్చే చోటు కాబట్టి నగర ప్రతిష్ఠకు కూడా భంగం, కనుక అధికారులు తగు చర్య తీసుకోవాలి అని దాని సారాంశం. నాలుగు వాక్యాల అర్జీలో మూడు తప్పులున్నాయి. తెలుగు లెక్చరరును గదా, దిద్దిపెట్టమన్నారు. దిద్దాను. దిద్దినవాడు సంతకం చెయ్యకపోతే బాగుండదని సంతకం కూడా చేశాను.

అదే ఏడు మా కాలేజీలో కథల పోటీ పెట్టాం. విషయం 'సముద్రం'. న్యాయనిర్ణేతలం ముగ్గురం. బహుమతి ఇచ్చిన కథ నాకిప్పటికీ బాగా జ్ఞాపకం, ఎందుకంటే ఆ కథ నేను అంతకు ముందు చాలాసార్లు చదివివున్నాను. తుపాను హెచ్చరిక వస్తుంది. ఇంట్లో గింజలుండవు. జాలరి పడవ వేసుకుని పోతాడు. కెరటాలు కొండలంత లేస్తాయి. భార్య ఒడ్డున లాంతరు పట్టుకుని నిలబడుతుంది. తెల్లవారేసరికి పడవ చెక్క ఒకటి కొట్టుకువస్తుంది. రాసిన అమ్మాయి విజయనగరం వైపు పిల్ల, భాష చక్కగా వుంది, కరుణరసం పొంగింది. మేం ముగ్గురం ఏకగ్రీవంగా మొదటి బహుమతి ఇచ్చాం.

మరొక కథ ఆ పాలేలలో ఒకదాని నుంచి వచ్చే కుర్రవాడు రాసింది. దానికి నేను ఎర్రసిరాతో నాలుగు ముక్కలు రాశాను: "వస్తువు మంచిది. సముద్ర వర్ణన లేదు. భాష గ్రామ్యం. ముగింపు బలహీనం." నూటికి ముప్పయ్యెనిమిది మార్కులు వేసినట్టు గుర్తు.

ఆ కథ ఇది. తండ్రి ఫైబరు పడవ మీద మరి ముగ్గురితో కలిసి వేటకు పోతాడు. తొమ్మిది రోజులు పోతాడు. ప్రతి రోజుకూ ఒక పేరా. ప్రతి పేరాలో ఆ రోజు ఎంత డీజిలు పోశారు, ఏం పడింది, గట్టు మీద పాటలో ఎంత పలికింది, డీజిలు ఖర్చు తీసేశాక మిగిలిందాంట్లో పడవకెంత, వలకెంత, ఇంజనుకెంత, మనుషులకెంత అన్నది వస్తుంది. మూడో రోజున ఒక తట్ట కానాగంతలు. అయిదో రోజున మనుషుల వాటాకు ఏమీ మిగల్లేదు. ఆరో రోజున వల చిరిగింది. పెట్టుబడి పెట్టిన వ్యాపారి సరుకు తనకే వెయ్యాలంటాడు, పాటలో పలికేదాని కన్న తక్కువకు. అప్పు వున్నంతకాలం అదే ఒప్పందం. తల్లి తెల్లవారుజామున మూడు గంటలకు ఆటోలో చేపల రేవుకు పోయి, మరబోట్లు తెచ్చిన సరుకు కొని, ఐసు వేసుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని కాలనీలకు వస్తుంది. ఇంటి ముందు సముద్రం పెట్టుకుని చేపలు ఇంకోచోట కొనుక్కోవలసిన స్థితి గురించి కథలో వ్యాఖ్యానమేమీ లేదు. ఆటోకెంత, ఐసుకెంత అన్నది మాత్రం వుంది. చిన్నాయన వెరావల్ పోతాడు, గుజరాత్ ట్రాలర్ల మీద పనికి. తొమ్మిదో రోజు సాయంకాలం తండ్రి వల బాగుచేసుకుంటూ, "పీజు కట్టడానికి ఆకరు తేదీ ఎప్పుడన్నావు?" అని అడుగుతాడు. కొడుకు చెబుతాడు. కథ అయిపోయింది.

ముగింపు బలహీనమని నేనెందుకన్నాను? ఎవ్వరూ చావలేదు కాబట్టి.

ఆ మాట నాకు అప్పట్లో తోచలేదు. తర్వాత చాలా రోజులకు, బాల్కనీలో కూర్చుని జవాబుపత్రాలు దిద్దుకుంటూ తలెత్తి చూస్తే, ఒక పడవ వెనక్కి వస్తున్నది. వస్తుంది గదా మరి. రోజూ వస్తుంది. ఈ తీరాన రోజూ పోయే పడవలన్నిట్లోనూ మునిగేవి ఎన్ని? వేటలో ప్రాణాపాయం వున్న మాట నిజమే. ప్రతి పాలెంలోనూ తిరిగిరానివాళ్ల పేర్లు చెబుతారు. కాని మన కథల్లో మాత్రం జాలరి దాదాపు ఎప్పుడూ మునిగిపోయే తీరుతాడు. నేను చదివినవాటిలో అతను క్షేమంగా ఇంటికి వచ్చి అన్నం తిన్న కథలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అతని చావు మీద మనకున్నంత ఆసక్తి అతని జమాఖర్చు మీద లేదు. ఇది దయ అనుకుంటున్నాం. చనిపోయిన జాలరికి మనం ఏమీ బాకీ పడం. బతికివున్న జాలరి పక్కింట్లో వుంటాడు, రోడ్డువార చేపలు ఎండబెడతాడు, వాసన వస్తుంది, అర్జీ పెట్టవలసి వస్తుంది.

మన సాహిత్యంలో సముద్రం ఎట్లా వచ్చిందో కొంచెం చూద్దాం. ప్రబంధకవికి అది విధాయకం. రాజుగారి కీర్తి ఎంత దూరం పోయిందో చెప్పడానికి నాలుగు సముద్రాల సరిహద్దు కావాలి. భావకవికి సముద్రం అనంతం. తన విరహం ఎంత పెద్దదో కొలవడానికి అంతకన్న పెద్ద పాత్ర దొరకలేదు. ఈ రెంటినీ మన అభ్యుదయ విమర్శకులు తగినంతగా దులిపారు కాబట్టి నేను మళ్లీ దులపనక్కర్లేదు. చిక్కు మనతో వచ్చింది. మనకు సముద్రమంటే కెరటం. కెరటమంటే ప్రజ. కెరటం లేస్తుంది, విరుచుకుపడుతుంది, ఒడ్డును కోసేస్తుంది. ఎన్ని వందల గేయాలలో ఎన్ని వేల కెరటాలు లేచాయో లెక్క లేదు. రాజుగారి కీర్తికి కొలబద్దగా వున్న సముద్రం మన చేతిలో విప్లవానికి కొలబద్ద అయింది. కొలిచే వస్తువు మారింది గాని సముద్రం కొలబద్దగానే వుండిపోయింది. అందులో పనిచేసేవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

ఇక్కడ శ్రీశ్రీ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆయన 1910లో ఈ వూళ్లోనే పుట్టాడు. 1950లో పుస్తకంగా వచ్చిన 'మహాప్రస్థానం'లో 'ప్రతిజ్ఞ' గీతం చూడండి. శ్రమజీవుల వృత్తులను వరసగా చెబుతూ జాలరిని కూడా చేర్చాడు. ఉత్త జాలరిని కాదు, అతని చేతిలోని తాడుతో సహా చేర్చాడు. కమ్మరికి కొలిమి ఎంతో, సాలెకు మగ్గం ఎంతో, అతనికది అంత. సముద్రపు ఒడ్డున పుట్టిన కవికి కెరటం కన్న ముందు తాడు కనపడిందన్న సంగతి మనం పట్టించుకోలేదు. ఆయన వెనక వచ్చినవాళ్లం తాడు వదిలేసి కెరటాన్ని పట్టుకున్నాం. ఇప్పుడు బీచి రోడ్డు మీద ఆయన విగ్రహం వుంది. తక్కిన కవుల విగ్రహాలూ వున్నాయి. సాయంకాలం వాటి పక్కన నిలబడి జనం ఫొటోలు తీసుకుంటారు.

రావిశాస్త్రి సంగతి వేరు. ఆయన దృష్టి ప్రధానంగా కోర్టు వరండా మీదా, సారా దుకాణం మీదా, పోలీసు మీదా వుంది. ఆయన వకీలు, తనకు తెలిసిన బజారు గురించి రాశాడు. జాలరుల మీద ఎందుకు రాయలేదని ఆయన్ని అడగడం మూర్ఖత్వం. ఆయన దగ్గర మనం నేర్చుకోవలసింది మరొకటి వుంది. ఈ ప్రాంతపు పేదవాడి మాట హాస్యానికి పనికివచ్చే యాస కాదనీ, అన్యాయపు యంత్రాంగాన్ని మొత్తం విప్పిచూపడానికి అంతకన్న పదునైన సాధనం లేదనీ 'ఆరు సారా కథలు' రుజువు చేశాయి. అటువంటి ఊళ్లో కూర్చుని, ఒక పాలెం కుర్రవాడి కథ మీద "భాష గ్రామ్యం" అని నేను రాశాను. అంతకన్న సిగ్గుచేటైన సంగతి మరొకటుంది. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజున మా కాలేజీలో వాడుకభాష ఘనత మీద ఉపన్యాసమిచ్చేది నేనే.

"సముద్ర వర్ణన లేదు" అన్న ముక్కకు వస్తాను. అది అన్నిటికన్న పెద్ద తప్పు కాబట్టి కొంచెం నిదానంగా చెప్పాలి.

వర్ణన అంటే, తనకు కొత్తగా కనిపించినదాన్ని మనిషి చెప్పుకోవడం. రైతు కథలో మడిని రైతు వర్ణించడు. నీరు ఎక్కడిదాకా వచ్చిందో చూస్తాడు. పాలెంవాడికి సముద్రం నీలంగా వుందా ఆకుపచ్చగా వుందా అన్నది అందం కాదు, సమాచారం. గాలి ఎటు నుంచి వున్నది, నీటి లాగుడు ఎటు వున్నది, పక్షులు ఎక్కడ వాలుతున్నాయి, వెనక్కి తిరిగి చూస్తే కైలాసగిరి దేని సూటిలో వున్నది, డాల్ఫిన్స్ నోస్ కొండ ఎంత తేలింది: ఇవన్నీ కలిపితే తను ఎక్కడ వున్నాడో, వల ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది. మనం ఒడ్డు నుంచి సముద్రాన్ని చూస్తే వాళ్లు సముద్రం నుంచి ఒడ్డును చూస్తారు. ఒకసారి మా మేడ పేరు చెబితే పాలెంలో ఒక పెద్దాయన, "అదా బావూ, ఆ తెల్ల మేడా? దాన్ని కొండతో సూటి పట్టి వలేస్తాం" అన్నాడు. రెండేళ్లుగా నేను వాళ్లను దృశ్యంగా చూస్తున్నాను. వాళ్లకు నేనొక గురుతు రాయిని. ఎవరి చూపు పనికొచ్చే చూపో పాఠకులే ఆలోచించవచ్చు. ఇప్పుడు చేతిలో ఫోను వచ్చింది. చేపలు ఎక్కడ తిరుగుతుంటాయో ఉపగ్రహాల చిత్రాలను బట్టి అంచనా కట్టి చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ వున్నది హైదరాబాదులో, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన! ఆ కుర్రవాడి కథలో తండ్రి ఏడో రోజు ఉదయం ఆ ఫోను చూస్తాడు. నేను పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

వాళ్లు చేసే పనిని వేట అంటారు. మన కావ్యాలలో వేట అనగానే అడవి, రాజు, కుక్కలు. వసుచరిత్రలూ మనుచరిత్రలూ పాఠం చెప్పిన నోటికి ఆ మాట సముద్రంతో కలవదు. "ఏటకెల్లినాడు" అని ఆ కథ మొదటి వాక్యం. నేను 'వేటకు' అని దిద్దాను. దిద్దినా అర్థం కాలేదు, ఆ మాట వాళ్ల దగ్గర పనిగా బతికివుందని.

మనం వర్ణించే ప్రకృతి కూడా మనమనుకున్నంత ప్రకృతి కాదు. విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమయింది. ఈ తీరం వెంట ఇసక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ వుంటుంది. రేవు నోటి దగ్గర కట్టిన అడ్డుగట్లు ఆ ఇసకను ఆపేస్తాయి; ఉత్తరాన వున్న తీరానికి ఆ మేరకు ఇసక తగ్గుతుంది, కెరటం కోసుకుపోతుంది. అందుకని రేవువాళ్లు తవ్వోడతో ఇసక తోడి, గొట్టాల గుండా తెచ్చి, రామకృష్ణా బీచిలో పోస్తుంటారు. కవులు కూర్చుని అనంతం గురించి ఆలోచించే ఇసకతిన్నె యంత్రంతో పోసినది కావచ్చు. ఇది తెలిశాక కవిత్వం రాయకూడదని నేననడం లేదు. తెలిసి రాస్తే మరింత మంచి కవిత్వం వస్తుందని నా నమ్మకం. కెరటం ఒడ్డును కోసేస్తుందని విప్లవగీతం రాసినప్పుడు, అది ముందుగా కోసేది ఒడ్డున వున్నవాడి గుడిసెను, పడవ లాగి పెట్టుకునే జాగాను అన్నది జ్ఞాపకముంటే, ఆ ప్రతీక మన చేతిలో అంత సులభంగా తిరగదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ వూరి మీద పడ్డది. తర్వాత కొన్ని నెలలు పత్రికల నిండా తుపాను కవితలే. నేనూ ఒకటి రాశాను. నేను చదివినవాటిలో ఎక్కువ భాగం చెట్ల మీద. కూలిన చెట్ల మీద కవిత రాయడం తప్పు కాదు. ఊరు ఒక్క పగటిలో బోడిదైపోయింది, ఎవరికైనా దుఃఖం కలుగుతుంది. కాని పడవలూ వలలూ ఇంజన్లూ పోయినవాళ్లు ఆ కవితల్లో ఎందుకు లేరు? చెట్లు మన వీధిలోవి. పడవలు మన వీధిలోవి కావు. అంతకన్న లోతైన కారణమేదీ నాకు కనపడదు.

బయటి భాషలవాళ్లు ఈ పని ఎట్లా చేశారో చూడడం మంచిది. తకళి 'చెమ్మీన్' 1956లో వచ్చింది. మరుసటేడు సాహిత్య అకాడమీ బహుమతి పొందింది. 1965లో సినిమా అయింది. భార్య శీలం మీద సముద్రంలో భర్త ప్రాణం ఆధారపడి వుంటుందనే నమ్మకం చుట్టూ అది తిరుగుతుంది. అందరికీ గుర్తున్నది అదే. కాని అదే నవలలో చెంబన్‌కుంజు పడవా వలా సంపాదించడానికి పడే ఆరాటం, అందుకోసం పరీక్కుట్టి దగ్గర తీసుకుని తీర్చని బాకీ, డబ్బు వచ్చాక మారిపోయే మనిషి, ఇదంతా ఎంత పకడ్బందీగా వుందో! నా దృష్టిలో ఆ నవలకు వెన్నెముక అది. తకళి రైతుకూలీల పోరాటం నుంచి ప్రేమకథకు దిగజారాడని అప్పటి అభ్యుదయ విమర్శకులు కొందరు నొచ్చుకున్నారు. వాళ్లు సగం ఒప్పు. బాకీ కథ రాసినవాడే దాని మీద పురాణం కప్పాడు. పాఠకుడు కప్పినదాన్నే చూశాడు.

బెంగాలీలో రెండు నవలలు పక్కపక్కన పెట్టవచ్చు. మాణిక్ బందోపాధ్యాయ 'పద్మా నదీర్ మాఝీ' 1936 నాటిది. రాసినవాడు మధ్యతరగతివాడు, గొప్ప కళాకారుడు. అద్వైత మల్లబర్మన్ 'తితాస్ ఎక్టి నదీర్ నామ్' రాశాడు. ఆయన చేపలు పట్టే మాలో కులంలోనే పుట్టాడు. 1951లో ఆయన పోయాక, 1956లో, అంటే సరిగ్గా చెమ్మీన్ వచ్చిన ఏడే, అది పుస్తకమయింది. మాణిక్ నవలలో పేదరికం మనల్ని నిలదీస్తుంది. అద్వైత నవలలో పేదరికంతో పాటు పండగలున్నాయి, పాటలున్నాయి, పిల్లల ఆటలున్నాయి, పనిలోని నేర్పున్నది. అవన్నీ కలిసి ఎండిపోవడం వున్నది. అక్కడి మనుషులు జాలిపడడానికి పుట్టినవాళ్లు కారు. లోపలివాడు రాస్తే వచ్చే తేడా అదే.

అయితే ఎవరి జీవితం గురించి వాళ్లే రాయాలనీ, మనం చేతులు కట్టుకు కూర్చోవాలనీ అనేవాళ్లున్నారు. ఆ వాదంలో నిజముంది, సోమరితనమూ వుంది. మాణిక్ నోరు మూసుకుని వుంటే బెంగాలీకి ఒక గొప్ప నవల లేకుండాపోయేది. అదీగాక, లోపలివాడు రాస్తే సరిపోతుందా? రాశాడు గదా! నా బల్ల మీదికి వచ్చింది గదా! దాన్ని చదివి ముప్పయ్యెనిమిది మార్కులు వేసేవాడు కుర్చీలో కూర్చుని వున్నంతకాలం ఎంతమంది రాస్తే ఏం లాభం? తగువు రాసేవాడి పుట్టుకతో మొదలై అక్కడితో ఆగిపోతున్నది. ఎంచేవాడి అభిరుచి దాకా రావడం లేదు.

అభిరుచి అనే మాట వచ్చింది కాబట్టి సినిమా సంగతి కూడా చెప్పాలి. 1978లో బాలచందర్ 'మరో చరిత్ర'తో ఈ తీరం ప్రేమికుల తీరంగా స్థిరపడిపోయింది. అది మంచి సినిమాయే. దానిలో సముద్రం ఇద్దరు ప్రేమికుల మధ్య మూడో పాత్ర. దాన్నుంచి ఇంకేదో ఆశించడం నా ఉద్దేశం కాదు. కాని 2025లో వచ్చిన 'తండేల్' నుంచి ఆశించవచ్చు. తండేలు అంటే వేటపడవ నాయకుడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వెరావల్ నుంచి వేటకు పోయి, 2018 నవంబరులో పాకిస్తానువాళ్లకు పట్టుబడి, కరాచీ జైల్లో మగ్గి, 2020 జనవరిలో విడుదలైన నిజమైన సంఘటన దానికి ఆధారం. మన పల్లెకారు మాటను పేరుగా పెట్టుకున్న పెద్ద సినిమా వచ్చిందని సంతోషించాను. చూశాక నాకు మిగిలింది ప్రేమ, దేశభక్తి. బంగాళాఖాతం ఒడ్డున పుట్టినవాడు బతకడానికి అరేబియా సముద్రానికి ఎందుకు పోతున్నాడన్నది కథకు మూలం. అది సినిమాలో ఒక ప్రస్తావనగా దాటిపోయింది. ఆ కుర్రవాడి కథలో చిన్నాయన వెరావల్ ఎందుకు పోయాడో ఆరో రోజు లెక్కలోనే తెలుస్తుంది. వల చిరిగింది, బాగుచెయ్యడానికి ఇంత, తన వాటాకు వచ్చింది ఇంత. ఆ రెండు అంకెల మధ్య తేడాయే వెరావల్.

సాహిత్యం మత్స్యశాఖ నివేదిక కాదు గదా అని మిత్రులొకరు అన్నారు. కాదు. కాని ఆ కథ నివేదిక ఎందుకు కాదో నాకు ఇప్పుడు తెలుస్తున్నది. నివేదికలో అంకెలు ఒకదాని కింద ఒకటి నిశ్చింతగా కూర్చుంటాయి. ఈ కథలో ప్రతి అంకె వెనకా ఇంట్లో ఎవరో ఒకరు నోరు మూసుకుంటారు. మొదటి రోజు రాత్రి భోజనం దగ్గర నలుగురూ మాట్లాడుకుంటారు. ఎనిమిదో రోజుకు ఆ పేరాలో సంభాషణే లేదు. తొమ్మిదో రోజు తండ్రి అడిగే ఒక్క ప్రశ్న తప్ప. ఆ మౌనం ఎట్లా పెరిగిందో చూడండి! దాన్ని శిల్పం అనకపోతే మరి దేన్నంటాం? వాక్యాలు పొట్టిగా వున్నాయి, ఎందుకంటే చెప్పేవాడు లెక్క చెబుతున్నాడు. నేను వాటిని పేలవమనుకున్నాను. కరుణరసం పొంగలేదనుకున్నాను.

ఈ కథను ఇక్కడ యథాతథంగా అచ్చు వేయించాలని ప్రయత్నించాను. కుర్రవాడు డిగ్రీ పూర్తిచేసి పరవాడ మందుల ఫ్యాక్టరీలలో ఒకదాంట్లో షిఫ్టు పని చేస్తున్నాడు. ఫోను చేశాను. "నా దగ్గరెక్కడిది మాస్టారూ, కాలేజీలోనే ఇచ్చేశాను గదా" అన్నాడు. మళ్లీ రాయగలవా అంటే, నైట్ షిఫ్టు నడుస్తోందని చెప్పి, కాసేపాగి, "అదేం బాగోలేదన్నారు గదా సార్, మరెందుకిప్పుడు?" అన్నాడు. నేను చెప్పిన జవాబు నాకే నచ్చలేదు, ఇక్కడ రాయను. కాలేజీలో వెతికించాను. పోటీ కాగితాలు ఆ ఏటి జవాబుపత్రాలతో కలిపి తూకానికి అమ్మేశారు. పైన నేను చెప్పిన కథంతా జ్ఞాపకం మీద చెప్పింది. అంకెలు ఒక్కటీ గుర్తు లేదు. ఆ కథకు ప్రాణం అంకెలే.

అర్జీ మటుకు పోలేదు. అది భద్రంగా వుంది, దాని మీద చర్య కూడా జరిగింది. రోడ్డువార ఎండబెట్టడం మాన్పించారు. ఇప్పుడు పాలెం ఆడవాళ్లు ఇళ్ల మధ్య సందుల్లో, పాత వలల మీద పరుచుకుంటున్నారు. ఎండ తక్కువ, ఆరడానికి రోజులు ఎక్కువ పడుతుందంటారు.

ఈ ఏడు పోటీకి 'సముద్రం' తీసేసి 'పని' అని పెట్టించాను. "శిష్టభాషలో రాయవలెను" అన్న నిబంధన కూడా కొట్టేయించాను. దీనికి స్టాఫ్ రూములో రెండు మధ్యాహ్నాలు పోట్లాడవలసి వచ్చింది. ఇప్పటికి పదకొండు కథలు వచ్చాయి. వాటిలో రెండు పాలేల నుంచి. రెండోది ఒక అమ్మాయి రాసింది; చేపల రేవులో ఐసు బేరం గురించి. సగం చదివాను. రెండో పేజీలో ఒక మాట నాకు తెలియలేదు, నిఘంటువుల్లోనూ లేదు. పెన్సిలుతో కింద గీత గీసి వుంచాను, దిద్దలేదు. రేపు పొద్దున చేపలావిడ వచ్చినప్పుడు అడగాలి. అర్జీ మీద నా సంతకం వున్నదని ఆవిడకు తెలుసు.